వినే చెవి: షిన్ సుక్‌జు, కొరియా లిపి

(గిడుగు వేంకట రామమూర్తి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



గిడుగువారి పేరు మీద జరిగే సభలో కొరియా ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రామమూర్తిగారనగానే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. నా మనసును ఎక్కువగా పట్టుకునేది అంతకు ముందే ఆయన తలకెత్తుకున్న మరో పని. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, అప్పటికి లిపి లేని సవరల భాషను వాళ్ళ నోటి నుంచే విని నేర్చుకున్నారు. విన్నదాన్ని ఏళ్ళ తరబడి రాసి, దిద్ది, మళ్ళీ విని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. నోట ఉన్న భాషను కాగితం మీదికి తేవాలంటే కలం కన్నా ముందు చెవి పనిచేయాలని ఆయన జీవితం చూపించింది. ఐదు వందల ఏళ్ళ కిందట, చోసన్ రాజ్యంలో, అదే చెవితో పనిచేసిన ఒక పండితుడి గురించి ఈరోజు చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు షిన్ సుక్‌జు. మంత్రి, దౌత్యవేత్త, శబ్దశాస్త్రవేత్త. తన దేశంలో నేటికీ ద్రోహి అన్న మాట మోస్తున్నవాడు కూడా.

కొరియా అక్షరాల గురించి పైపైన విన్నవాళ్ళకు తెలిసిన కథ ఇలా ఉంటుంది. సేజోంగ్ అనే మంచి రాజు ఉండేవాడు, ఆయన కొలువులో పండితులుండేవారు, అందరూ కలిసి ప్రజల కోసం లిపి కనిపెట్టారు. ఆ పండితుల జాబితాలో షిన్ సుక్‌జు పేరు ఎప్పుడూ ముందువరుసలోనే ఉంటుంది. సోల్ పక్కన ఉయ్‌జోంగ్‌బులో ఉన్న ఆయన సమాధి దగ్గర హంగుల్ (కొరియా లిపి) సంఘం 1971లో నిలబెట్టిన శిల కూడా ఆయన్ని లిపి నిర్మాణంతోనే ముడిపెడుతుంది. నా అభిప్రాయం కొంచెం వేరు. అక్షరాలు చేసినవాడు రాజు. షిన్ సుక్‌జు పని ఆ తరువాత మొదలైంది. అది తక్కువ పని కాదనీ, దాన్ని లిపి నిర్మాణంలో కలిపేస్తే దాని అసలు విలువ మనకు కనబడకుండా పోతుందనీ నా వాదన.

ముందు తేదీలు చూద్దాం. 1443 సంవత్సరపు పన్నెండో చాంద్రమాసం, అంటే మన లెక్కలో 1444 జనవరి, కింద రాజ్యవృత్తాంతంలో ఒక చిన్న నమోదు ఉంది: ఆ నెలలో రాజు స్వయంగా ఇరవై ఎనిమిది అక్షరాలు చేశాడని. స్వయంగా అన్న మాట అక్కడ ఉంది. పండితుల పేర్లు లేవు. షిన్ సుక్‌జు 1417లో దక్షిణాన నాజులో పుట్టాడు. 1439లో రాజాస్థాన పరీక్ష నెగ్గాడు. 1441 ప్రాంతంలో జిప్‌హ్యోన్‌జోన్ అనే విద్వన్మందిరంలో చేరాడు. 1443లో ఆయన ఎక్కడున్నాడు? జపానులో. అప్పుడే జబ్బు నుంచి లేచినా, రాజు పంపిన రాయబార బృందంలో పత్రరచన బాధ్యతతో సముద్రం దాటి, ఏడాదిలో ఎక్కువ భాగం బయటే గడిపి శరదృతువులో తిరిగొచ్చాడు. సుషిమా ద్వీపపు పాలకుడు ఏటా యాభై ఓడలకు మించి పంపకూడదన్న ఒప్పందం కుదిరింది ఆ ఏడాదే. ఆయన ఇంటికి చేరిన రెండు నెలలకు అక్షరాలు బయటపడ్డాయి. అంత పెద్ద నిర్మాణం అంత తక్కువ కాలంలో ఇరవై ఆరేళ్ళ యువకుడి చేతి మీదుగా జరిగిందనడానికి ఆధారం కనబడదు. సేజోంగ్ ఏళ్ళ తరబడి, బహుశా తన పిల్లలతో తప్ప ఎవరితోనూ చెప్పకుండా ఆ పని చేసుకున్నాడనే చరిత్రకారుల పక్షానే నేను నిలబడతాను.

ఆ అక్షరాల గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేం. తెలుగువాళ్ళకు ఇందులో ప్రత్యేకమైన ఆసక్తి ఉండాలి. మన వర్ణమాలలో క ఖ గ ఘ ఙ అని గొంతు దగ్గర మొదలుపెట్టి పెదవుల దాకా వస్తాం. ఏ ధ్వని నోట్లో ఎక్కడ పుడుతుందన్నదాన్ని బట్టి వరస. ఈ శాస్త్రం బౌద్ధంతోపాటు చైనాకు వెళ్ళింది. సంస్కృత ధ్వనుల అమరిక చూసిన చైనా శబ్దవేత్తలు తమ భాషలోని తొలి హల్లులను కూడా అలాగే వర్గాలుగా పేర్చుకున్నారు. వెనక పళ్ళ దగ్గరివి, నాలుకవి, పెదవులవి, ముందు పళ్ళవి, గొంతువి అని స్థానాలు. అల్పప్రాణం, మహాప్రాణం, నాదం, అనునాసికం అని మనం చేసే విభజనకు సమానంగా శుద్ధం, దాని పక్కది, మలినం, రెండూ కానిది అని తెగలు. సేజోంగ్ ఈ శాస్త్రాన్ని చైనా ఛందోనిఘంటువుల నుంచి క్షుణ్ణంగా చదువుకున్నాడు. ఆయన అక్షరాల వరసలో క తరువాత దాని మహాప్రాణం, తరువాత ఙ. త తరువాత థ, న. ప తరువాత ఫ, మ రావడం చూస్తే మన పలక మీది వరస గుర్తురాక మానదు.

ఐతే ఆయన అక్కడ ఆగలేదు. మన లిపిలో క, గ ఒకే వర్గంలో ఉంటాయి గానీ వాటి ఆకారాల్లో బంధుత్వం లేదు. బంధుత్వమంతా వరసలోనే ఉంది. సేజోంగ్ దాన్ని ఆకారంలోకే తెచ్చాడు. క అక్షరం నాలుక మొదలు గొంతును మూసే తీరును గీతగా చూపిస్తుంది. న అక్షరం నాలుక కొన పైకి లేచి అంగిలిని తాకడం. మ అక్షరం నోరు. స అక్షరం పన్ను. గొంతు ధ్వనికి గుండ్రని సున్న. ధ్వని గట్టిపడే కొద్దీ ఒక్కో గీత చేరుతుంది: న మీద గీత పెడితే త, ఇంకో గీత పెడితే థ. అచ్చులకు మూడే మూలాలు. ఆకాశానికి చుక్క, భూమికి అడ్డగీత, మనిషికి నిలువుగీత. చైనా శాస్త్రం అక్షరాన్ని రెండు ముక్కలుగా, తొలి హల్లు, మిగిలినదంతా అని, విడదీసేది. ఈయన మూడు చేశాడు. మొదలు, నడుమ, చివర. చివర వచ్చే హల్లుకు మళ్ళీ మొదట వాడిన అక్షరాన్నే వాడమన్నాడు. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, పదిహేడు హల్లులు, పదకొండు అచ్చులతో ఒక భాష మొత్తం పట్టుకోగలిగింది దీని వల్లే. ఈ ఆకారాల్లో కొన్నిటికి మంగోలుల ఫగ్స్‌పా లిపి ఆధారమని అమెరికా పండితుడు గ్యారీ లెడ్యార్డ్ వాదించాడు. ఫగ్స్‌పా టిబెటన్ నుంచి, టిబెటన్ బ్రాహ్మి నుంచి వచ్చినవి కాబట్టి, ఆ వాదం నిజమైతే మన తెలుగు లిపికి అక్కడొక దూరపు చుట్టం ఉన్నట్టే. దాని మీద పండితుల మధ్య చర్చ ఇంకా తెగలేదు. నేను తీర్పు చెప్పబోను.

ఇప్పుడు షిన్ సుక్‌జు దగ్గరికి వద్దాం. అక్షరాలు బయటపడిన రెండు నెలలకు, 1444 రెండో మాసంలో, చైనా ఛందోనిఘంటువు ఒకదాన్ని కొత్త లిపిలో ఉచ్చారణతో సహా తర్జుమా చేయమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పనికి ఎంచుకున్న యువ పండితుల్లో షిన్ సుక్‌జు ఉన్నాడు. ఆజ్ఞ వెలువడిన నాలుగో రోజున విద్వన్మందిరం నుంచే నిరసన వచ్చింది. ఉపాధ్యక్షుడు చ్వే మల్లితో కలిపి ఏడుగురు సంతకాలు చేశారు. సొంత లిపి ఉన్నవాళ్ళంతా మంగోలులు, జుర్చెన్లు, జపానువాళ్ళు, టిబెటన్లు వంటి అనాగరికులేనని, చైనా నాగరికతతో ఒకటైన మనకు ఇది తలవంపులని, ఇంత పెద్ద మార్పు తొందరపడి చేయకూడదని, కళ్ళ జబ్బుకు వైద్యం కోసం చోజోంగ్ ఊటనీళ్ళకు వెళ్తూ కూడా రాజు ఈ పనిని వెంట తీసుకెళ్ళడం సరికాదని వాళ్ళ అభ్యంతరాలు. సేజోంగ్ జవాబు సూటిగా ఉంది. ధ్వనుల శాస్త్రం మీలో ఎంతమందికి తెలుసని, ఈ ఉచ్చారణల తప్పులు నేను దిద్దకపోతే ఎవరు దిద్దుతారని అడిగాడు. సంతకాలు చేసినవాళ్ళను ఒక రాత్రి నిర్బంధంలో ఉంచి మర్నాడు వదిలేయించాడు.

ఆ ఏడుగురిలో రెండు పేర్లు దయచేసి గుర్తుంచుకోండి. ఒకటి హా విజి. రెండోది జోంగ్ చాంగ్‌సోన్. మళ్ళీ వస్తాను.

1445 మొదటి మాసంలో రాజు షిన్ సుక్‌జును, ఆయనకన్నా ఏడాది చిన్నవాడైన సోంగ్ సమ్‌మున్‌ను, చైనా భాష తెలిసిన సోన్ సుసాన్‌ను లియావ్‌డాంగ్‌కు పంపాడు. ప్రవాస శిక్ష మీద అక్కడికి వచ్చిన, చైనా మింగ్ వంశపు ఆస్థాన పండితుడు హ్వాంగ్ జాన్‌ను కలిసి చైనా ధ్వనుల గురించి అడిగి రమ్మని. ఈ స్నేహితులిద్దరూ అలా పదమూడు సార్లు వెళ్ళారని కొరియాలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ లెక్క సంప్రదాయం చెప్పేది, రాజ్యవృత్తాంతం లెక్క కాదు. సంఖ్య ఎంతైనా, అక్కడ జరిగిన పని చూడండి. ఎదుటి మనిషి ఒక అక్షరాన్ని పలుకుతాడు. వీళ్ళు కొత్త లిపిలో రాసుకుంటారు. రాసినదాన్ని తిరిగి చదువుతారు. ఆయన తల ఊపితే సరి, లేకపోతే మళ్ళీ. షిన్ సుక్‌జు ఒకసారి విని రాసుకున్నాక తిరిగి పలికితే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదని, హ్వాంగ్ జాన్ దానికి ఆశ్చర్యపోయాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆ పొగడ్తలో ఎంతో కొంత అతిశయం ఉండవచ్చు. ఆ పద్ధతి మాత్రం నిజం. సవర మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటను వందసార్లు చెప్పించుకున్నవారి పేరున జరిగే సభలో ఆ పద్ధతి గురించి ఇంతకన్నా వివరించనక్కరలేదు.

లిపికి అసలు పరీక్ష కూడా అదే. రాజు అక్షరాలను కొరియా నోటి కోసం చేశాడు. అవి పరాయి నోటిని కూడా పట్టుకోగలవా అన్నది లియావ్‌డాంగ్‌లో తేలింది. చైనాలో ముందు పళ్ళ ధ్వనులు రెండు తెగలు. ఒకటి నాలుక కొన పళ్ళ వెనక ఆనేది, మరొకటి నాలుకను వెనక్కి మడిచి పలికేది. కొరియన్‌లో ఆ తేడా లేదు, కాబట్టి రెండు రకాల అక్షరాలూ లేవు. వీళ్ళు కొత్త అక్షరాలు కల్పించకుండా, ఉన్న స, చ, ఛ అక్షరాలకున్న రెండు కాళ్ళలో ఎడమకాలు పొడిగిస్తే ఒక తెగ, కుడికాలు పొడిగిస్తే మరో తెగ అని ఏర్పాటు చేసుకున్నారు. లిపిలోని తర్కాన్ని లోపలి నుంచి అర్థం చేసుకున్నవాళ్ళు మాత్రమే చేయగలిగిన సవరణ అది.

1446 తొమ్మిదో మాసంలో లిపికి వివరణ గ్రంథం పూర్తయింది. దాన్ని హున్‌మిన్‌జోంగుమ్ హేర్యే అంటారు. దక్షిణ కొరియాలో అక్టోబరు 9న జరిపే హంగుల్ దినోత్సవం ఆ గ్రంథం చివర ఉన్న తేదీ నుంచి లెక్క కట్టిందే. చివరి మాట రాసినవాడు పెద్దాయన జోంగ్ ఇన్‌జి. తెలివైనవాడు ఒక పూటలో, మందబుద్ధి పది రోజుల్లో నేర్చుకోగలడని, గాలి హోరు, కోడికూత, కుక్క అరుపు కూడా రాయవచ్చని అందులో అన్నాడు. ఆయనతో కలిపి ఎనిమిది మంది రచయితలు. షిన్ సుక్‌జు వాళ్ళలో ఒకడు.

ఆ గ్రంథంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చివరి అధ్యాయం. అక్షరాల వాడుకకు ఉదాహరణలుగా తొంభై నాలుగు మాటలిచ్చారు. రాసినవాళ్ళంతా చైనా ప్రాచీన గ్రంథాలు కంఠతా పట్టి పరీక్షలు నెగ్గినవాళ్ళు. వాళ్ళు ఏ మాటలు ఎంచుకోవాలి? ధర్మం, నీతి, రాజభక్తి అని చైనా మూలపు మాటలు ఎన్నయినా దొరికేవి. అవేవీ తీసుకోలేదు. వడ్లు, జల్లెడ, అన్నం వడ్డించే గరిటె, పట్టుపురుగు గూడు, తోకకప్ప, మిణుగురు, గుడ్లగూబ, పాము, వడగళ్ళు, తమ్ముడు. అన్నీ దేశి మాటలు, అప్పటిదాకా సూటిగా రాసే వీలు లేనివి. చివరి మాట చుక్క, ఆకాశంలోది. ఊళ్ళో రైతులు, ఆడవాళ్ళు, పిల్లలు రోజూ పలికే మాటలు మొదటిసారి రాజముద్ర పడిన పుస్తకంలో కనబడ్డాయి. ప్రతి అక్షరం ఎడమ పక్కన స్వరం గుర్తు కూడా ఉంది. పైస్థాయికి ఒక చుక్క, కింది నుంచి పైకి లేచేదానికి రెండు చుక్కలు, కింది స్థాయికి ఏమీ లేదు. కొరియన్ స్వరభేదాలు ఆనాడు ఎలా ఉండేవో ఈనాటి భాషావేత్తకు తెలుస్తున్నది ఈ చుక్కల వల్లే.

ఈ పుస్తకం తరువాతి కాలంలో మరుగున పడింది. జపాను వలసపాలనలో కొరియన్ భాషను బడుల్లోంచి తరుముతున్న రోజుల్లో, 1940లో, ఒక ప్రతి బయటపడింది. జోన్ హ్యోంగ్‌పిల్ అనే సేకర్త దాన్ని అడిగిన ధరకన్నా ఎన్నో రెట్లు ఎక్కువిచ్చి కొని, జపాను అధికారుల కంటపడకుండా దాచాడు. గిడుగువారు కన్నుమూసింది కూడా 1940లోనే, జనవరిలో. రెండేళ్ళకు కొరియన్ నిఘంటువు తయారుచేస్తున్న పండితులను పాలకులు జైల్లో పెట్టారు. ఆ ప్రతి దొరికాకే అక్షరాల ఆకారాలు నోటి అవయవాల నుంచి వచ్చాయన్న సంగతి ప్రపంచానికి రూఢిగా తెలిసింది. దానికి ముందు, కిటికీ చట్రాల ఆకారమనీ మరొకటనీ రకరకాల ఊహలుండేవి. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

వివరణ గ్రంథం తరువాత షిన్ సుక్‌జు చేతిలో రెండు పెద్ద పనులు పడ్డాయి. ఈ రెండిటి మధ్య తేడా ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను.

మొదటిది దోంగుక్ జోంగున్. 1447లో పూర్తయి 1448లో వెలువడింది. ముందుమాట షిన్ సుక్‌జుదే. కొరియన్లు చైనా అక్షరాలను పలికే తీరు శతాబ్దాలుగా మారుతూ వచ్చి గందరగోళమైందని, దాన్ని సరిదిద్ది ప్రమాణం ఏర్పాటు చేయాలని ఈ పుస్తకం సంకల్పం. ఇరవై మూడు తొలి హల్లులు, తొంభై ఒక్క ప్రాసవర్గాలు. అద్భుతమైన కట్టడం. కానీ అందులో ఉన్నది కొరియన్లు పలికే ఉచ్చారణ కాదు, పలకాల్సిన ఉచ్చారణ. ఒక్క ఉదాహరణ చెబుతాను. చైనాలో త కారంతో ఆగిపోయే మాటలు కొరియన్ నోట ల కారంతో ముగుస్తాయి. ఇది తప్పని ముందుమాట తేల్చేసింది. ఐతే అందరూ పలికే ల కారాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు. అందుకని ల పక్కన గొంతు బిగబట్టే ధ్వనికి గుర్తయిన అక్షరాన్ని చేర్చి, ల ను చటుక్కున ఆపమన్నారు. దేశంలో ఒక్క మనిషీ అలా పలకలేదు. రాజాజ్ఞతో వచ్చిన పుస్తకాల్లో కొన్నేళ్ళు ఆ రాత నడిచింది. నలభై ఏళ్ళు గడవకముందే జనం నోటి ముందు ఓడి అంతరించింది.

గ్రాంథికవాదులతో జీవితమంతా పోరాడిన మనిషి స్మృతిలో కూర్చున్న మనకు ఈ ఓటమి బాగా అర్థమవుతుంది. ఎంత పాండిత్యం ఉన్నా, ఎంత సదుద్దేశమున్నా, రాజు అండ ఉన్నా, లేని ఉచ్చారణను పుస్తకంలో స్థాపించి నోట్లో నిలబెట్టలేరు. షిన్ సుక్‌జు ఆ పుస్తకం రాయడం నాకు బాధ కలిగిస్తుంది. అంత మంచి చెవి ఉన్నవాడు అక్కడ చెవిని పక్కన పెట్టి గ్రంథాన్ని నమ్మాడు.

రెండో పని హోంగ్‌ము జోంగున్ యోఖున్. మింగ్ వంశ స్థాపకుడి ఆజ్ఞ మీద 1375లో చైనాలో ఒక ప్రామాణిక ఛందోనిఘంటువు తయారైంది. దాని ఉచ్చారణలన్నిటినీ కొరియా లిపిలో రాయాలన్నది పని. మొదటి పుస్తకం లాగే ఇదీ ప్రమాణం గురించే. కానీ ఇక్కడ వాళ్ళు పుస్తకాన్ని పట్టుకుని మనుషుల దగ్గరికి వెళ్ళారు. వెళ్తే తేలిందేమిటంటే, పుస్తకంలో ఉన్నట్టు ఎవరూ మాట్లాడటం లేదు. రాజధాని నాన్‌జింగ్ నుంచి బీజింగ్‌కు మారింది. ఉత్తరాదిలో క, త, ప లతో ఆగే చివరి ధ్వనులు అప్పటికే కరిగిపోయాయి. పుస్తకంలో మాత్రం అవన్నీ భద్రంగా ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? చక్రవర్తి పేరున వెలువడిన గ్రంథాన్ని దిద్దడం సామంతదేశపు పండితుడికి కుదరని పని. విన్నదాన్ని వదిలేయడం వాళ్ళ మనసుకు కుదరలేదు. రెండూ రాశారు. ముందు గ్రంథం చెప్పిన ఉచ్చారణ, దాని కింద జనం పలికే ఉచ్చారణ. కరిగిపోయిన చివరి ధ్వనుల స్థానంలో ఉత్తరాదివాళ్ళ నోట తాము విన్న చిన్న ఆగుడును ఒక అక్షరంతో గుర్తించారు.

1450లో మింగ్ రాయబారి నీ చియెన్ సోల్‌కు వచ్చినప్పుడు ఆయన దగ్గరికీ ఈ పుస్తకం పట్టుకెళ్ళారు. పగలు రాచకార్యాలు, విందులు, కవిత్వంలో పోటాపోటీ. సందు దొరికితే ధ్వనుల మీద ప్రశ్నలు. ఆ రోజుల్లో నీ చియెన్, జోంగ్ ఇన్‌జి, షిన్ సుక్‌జు, సోంగ్ సమ్‌మున్ ఒకరికొకరు బదులుగా రాసుకున్న పద్యాల చుట్ట ఒకటి వాళ్ళ సొంత చేతిరాతతో నేటికీ కొరియా జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ ఏడాదే సేజోంగ్ పోయాడు. పని ఆగలేదు. పదికి పైగా చిత్తుప్రతులు, ఎనిమిదేళ్ళ శ్రమ అని ముందుమాటలో షిన్ సుక్‌జు చెప్పుకున్నాడు. ఆ ముందుమాట తేదీ 1455 వసంతం. అందులో తనతో పనిచేసినవాళ్ళ పేర్లు చెబుతూ సోంగ్ సమ్‌మున్ పేరు రాశాడు.

ఆ పేరు అలా పక్కపక్కన రాయగలిగిన చివరి వసంతం అదే. అదే ఏడాది వేసవిలో సేజోంగ్ రెండో కొడుకు సుయాంగ్ తన అన్న కొడుకైన బాలరాజు దాన్‌జోంగ్‌ను దించి సేజో పేరుతో సింహాసనమెక్కాడు. షిన్ సుక్‌జు ఆయన పక్షం. 1452లో సుయాంగ్ చైనాకు రాయబారిగా వెళ్ళినప్పుడు వెంట వెళ్ళినవాడు, ఆ సాన్నిహిత్యం అక్కడే బలపడింది. సోంగ్ సమ్‌మున్ బాలరాజు పక్షం. 1456లో కుట్ర బయటపడి, చిత్రహింసల తరువాత మరణశిక్షకు గురయ్యాడు. ఆరుగురు అమరమంత్రులని కొరియా నేటికీ పూజించేవాళ్ళలో ఆయన ఒకడు. విద్వన్మందిరాన్ని సేజో అదే ఏడాది మూసేశాడు. షిన్ సుక్‌జు ఎదుగుతూ పోయి 1462లో ప్రధానమంత్రి అయ్యాడు.

జనం ఆయన్ని క్షమించలేదు. తొందరగా పాడైపోయే పెసర మొలకల కూరను కొరియన్‌లో సుక్‌జు అనే పిలుస్తారు, అది ఈయన పేరేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. స్నేహితుడు చనిపోయిన రోజున భర్త ప్రాణాలతో ఇంటికి వస్తే సిగ్గుపడి ఆయన భార్య ఉరి పోసుకోబోయిందని ఒక కథ పుట్టింది. ఇరవయ్యో శతాబ్దపు రచయితలు దానికి ప్రాణం పోశారు. నిజానికి ఆమె ఆ కుట్రకు కొన్ని నెలల ముందే, 1456 మొదట్లోనే చనిపోయింది. రాజ్యవృత్తాంతంలో ఉంది. తీర్పు ముందే రాసుకున్నాక జనం సాక్ష్యాలను కల్పించుకున్నారు.

ఆయన రాజకీయ నిర్ణయాన్ని సమర్థించడానికి నేను ఇక్కడికి రాలేదు. పసివాడైన రాజును దించిన పక్షంలో నిలబడి పదవులు తీసుకోవడం తప్పని నేనూ నమ్ముతాను. కానీ ఆ తప్పుతో అక్షరాల పనిని తూచడం న్యాయం కాదు. ఇందాక గుర్తుంచుకోమన్న రెండు పేర్ల దగ్గరికి వస్తాను. కొత్త లిపి వద్దని చ్వే మల్లితో కలిసి సంతకం చేసిన హా విజి, బాలరాజు కోసం ప్రాణమిచ్చిన ఆరుగురిలో ఒకడు. అదే అర్జీ మీద సంతకం చేసిన జోంగ్ చాంగ్‌సోన్, ఆ ఆరుగురి కుట్రను సేజోకు చెప్పి పట్టించినవాడు. ఇటు వివరణ గ్రంథం రాసిన ఎనిమిది మందిని చూడండి. సోంగ్ సమ్‌మున్, బాక్ పెంగ్‌న్యోన్, యీ గే 1456లో ప్రాణాలిచ్చారు. యీ సోన్‌రోను సుయాంగ్ మనుషులు 1453లోనే చంపారు. కాంగ్ హీయాన్ విచారణ దాకా వెళ్ళి బయటపడ్డాడు. జోంగ్ ఇన్‌జి, చ్వే హాంగ్, షిన్ సుక్‌జు కొత్త రాజు కొలువులో పెద్దలయ్యారు. రాజ్యం కాజేసిన సేజోయే రాకుమారుడిగా ఉన్నప్పుడు, 1447లో, తండ్రి కోరిక మీద బుద్ధుడి చరిత్రను కొత్త లిపిలో వచనంగా కూర్చాడు. కొరియన్ వచనానికి అది తొలి గ్రంథాల్లో ఒకటి. రాజభక్తి గీత ఒకటి, అక్షరభక్తి గీత ఒకటి. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయాయి గానీ ఎక్కడా కలవలేదు. లిపిని నిలబెట్టినవాళ్ళందరినీ సత్పురుషులుగా, వ్యతిరేకించినవాళ్ళందరినీ దుర్మార్గులుగా చూపే చరిత్ర ఈ పేర్ల ముందు నిలవదు.

మంత్రిగా కూడా ఆయన్ని పూర్తిగా కొట్టేయలేం. ఉత్తర సరిహద్దులో 1460లో సైన్యాన్ని నడిపాడు. యౌవనంలో చూసిన జపాను మీద, ర్యూక్యూ దీవుల మీద పటాలతో సహా 1471లో హేదోంగ్ జేగుక్కి అనే గ్రంథం రాశాడు. పక్క దేశాన్ని ద్వేషంతోనో భయంతోనో చూడక, దాని ఓడరేవులు, పాలకులు, ఆచారాలు, రాకపోకల నియమాలు ఓపికగా నమోదు చేసిన పుస్తకం. 1475లో చనిపోయే ముందు, జపానుతో స్నేహం తెంచుకోవద్దని రాజైన సోంగ్‌జోంగ్‌కు చెప్పాడట. 1592లో జపాను దండయాత్ర దేశాన్ని ధ్వంసం చేశాక, ఆ యుద్ధాన్ని నడిపిన మంత్రి ర్యూ సోంగ్‌న్యోంగ్ తన జ్ఞాపకాల గ్రంథాన్ని షిన్ సుక్‌జు చెప్పిన ఆ మాటతోనే మొదలుపెట్టాడు. ద్రోహి అని ముద్రపడినవాడి సలహాను విననందుకు పశ్చాత్తాపంతో ఒక జాతీయ విషాద చరిత్ర మొదలైందంటే ఆ మాట బరువు ఊహించుకోవచ్చు. ఎదుటివాడి మాట వినడమన్నది ఆయన దౌత్యంలోనూ, శబ్దశాస్త్రంలోనూ ఒకే గుణం.

ఇక పుస్తకాల గతి. హోంగ్‌ము జోంగున్ యోఖున్ పెద్దది, వాడుకకు అలవి కానిది. అందుకని దాని సారాన్ని చిన్నగా చేసి ససోంగ్ తోంగో అనే చేతి పుస్తకం షిన్ సుక్‌జు తయారుచేశాడు. అందులో ఉచ్చారణల పట్టిక, ముందు నియమాలు. ఏ ధ్వనికి నాలుక ఎక్కడుంచాలి, కొరియా అక్షరాన్ని చైనా మాటకు వాడేటప్పుడు నోటిని ఎంత మార్చాలి అన్న సూచనలు. ఆ పుస్తకం పోయింది. ఒక్క ప్రతీ మిగల్లేదు.

ఐతే ఆయన చనిపోయిన నాలుగు దశాబ్దాలకు చ్వే సేజిన్ అనే చైనా భాషా దుబాసీ ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని, తన కాలపు ఉచ్చారణలు చేర్చి, 1517లో ససోంగ్ తోంఘే అనే నిఘంటువు తెచ్చాడు. పదిహేను, పదహారో శతాబ్దాల్లో ఉత్తర చైనాలో మనుషులు నిజంగా ఎలా మాట్లాడేవాళ్ళో తెలుసుకోవాలంటే చైనా భాషా చరిత్రకారులు ఈ రోజుకూ ఈ కొరియా పుస్తకాల దగ్గరికే రావాలి. చైనా అక్షరాలు తమ ధ్వనిని దాచుకుంటాయి. ఆ ధ్వనిని ముక్క ముక్కగా విప్పి రాసిపెట్టింది పరాయివాళ్ళు, అది కూడా జనం పలికిన తీరును గ్రంథపు తీరు కింద రెండో వరసలో చేర్చాలని ఎవరో పట్టుబట్టినందువల్ల. దోంగుక్ జోంగున్ చెప్పిన ఉచ్చారణలు ఇప్పుడు పరిశోధకులకు తప్ప ఎవరికీ పట్టవు. ఆ రెండో వరస మాత్రం ఇంకా పనిచేస్తోంది.

చ్వే సేజిన్ 1527లో పిల్లల కోసం మరో పుస్తకం రాశాడు, హున్‌మోంగ్ జాహ్వే. కొరియా పిల్లలు ఇవాళ బడిలో అక్షరాలకు చెప్పే గియోక్, నియున్ లాంటి పేర్లు ఆ పుస్తకంలోని పట్టిక నుంచే వచ్చాయి. తన 1517 నిఘంటువు చివర ఆయన ఒక అనుబంధం కూడా చేర్చాడు. ససోంగ్ తోంగో ముందు షిన్ సుక్‌జు రాసిన నియమాలన్నిటినీ ఎత్తి అక్కడ పెట్టాడు. పుస్తకం పోయినా, ఆ నియమాలు అందులో ఉన్నాయి. ఏ ధ్వనికి నాలుక ఎక్కడుంచాలో షిన్ సుక్‌జు చెప్పిన మాటలు ఈ రోజుకూ చదువుకోవచ్చు.